ది యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా: గిటారు లేని రాక్ బృందం, ఒకే ఒక్క రికార్డు

లాస్ ఏంజెలెస్‌లో 1967లో కుదురుకుని, 1968 ముగిసేలోపే చెదిరిపోయిన రాక్ బృందం ‘ది యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా’. స్వరకర్త జోసెఫ్ బర్డ్ దీనికి సూత్రధారి. డొరొతీ మాస్కొవిట్జ్ ప్రధాన గాయని. వీళ్ల ఎల్‌పీ రికార్డు ఒక్కటే వచ్చింది, దానికీ బృందం పేరే పెట్టారు. కొలంబియా కంపెనీ 1968 మార్చిలో విడుదల చేసిన ఆ రికార్డు బిల్‌బోర్డ్ జాబితాలో 181వ స్థానం దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. రెండో రికార్డు చేసే అవకాశం ఆ బృందానికి రాలేదు. అయినా సైకెడెలిక్ యుగపు రికార్డుల్లో నేటి సంగీతకారులు పాఠ్యగ్రంథంలా పట్టుకుని వినేవి ఏవని అడిగితే ఇది ముందు వరసలో నిలుస్తుంది.

సైకెడెలిక్ రాక్ అనగానే సాగదీసిన గిటారు వాయింపు, ప్రతిధ్వనుల్లో మునిగిన గొంతు, మత్తుపదార్థాల ప్రస్తావన గుర్తొస్తాయి. ఎల్‌ఎస్‌డీని కాలిఫోర్నియా 1966 అక్టోబరులో నిషేధించింది. మరుసటి ఏడాది జూన్‌లో బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్స్’ వచ్చింది. ఆ తర్వాత రికార్డింగ్ కంపెనీలన్నీ కొత్త శబ్దాల కోసం ఎగబడ్డాయి. చాలా బృందాలు మామూలు రాక్ పాటే పాడి, దాని పైన వింత శబ్దాలు పూసేవి. సితార్ మీద రెండు మీట్లు, వెనక్కి తిప్పిన టేపు ముక్క, కాస్త ఎక్కువ ఎకో చాలనుకునేవి. బర్డ్ బృందంలో అసలు గిటారే లేదు. వాళ్ల ఎలక్ట్రానిక్ శబ్దాలను తీసేస్తే పాట కూలిపోతుంది, ఎందుకంటే ఆ శబ్దాలు స్వరరచనలోనే ఉన్నాయి. ఈ రికార్డు కాలానికి తట్టుకుని నిలవడానికి ప్రధాన కారణం ఇదే.

జోసెఫ్ బర్డ్

బర్డ్ 1937లో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో పుట్టి, అరిజోనాలోని టూసాన్‌లో పెరిగారు. అరిజోనా విశ్వవిద్యాలయంలో బార్నీ చైల్డ్స్ దగ్గర స్వరరచన నేర్చుకుని, స్టాన్‌ఫర్డ్‌లో పైచదువు పూర్తి చేసి, 1960లో న్యూయార్క్ చేరారు. ఆ నగరంలో అప్పుడు స్వరకర్తలు జాన్ కేజ్, మార్టన్ ఫెల్డ్‌మన్ సంగీతానికి కొత్త నిర్వచనాలు రాస్తున్నారు. చేంబర్స్ స్ట్రీట్‌లో కళాకారిణి యోకో ఓనో అద్దెకు తీసుకున్న పై అంతస్తు గదిలో ప్రయోగాత్మక కచేరీలు జరిగేవి. పేరులేని యువ స్వరకర్తలకు అది వేదిక. బర్డ్ రచనలు 1961లో ఆ గదిలో వినిపించాయి. తర్వాత ఫ్లక్సస్ అని పిలిచిన కళాకారుల వర్గానికి ఆయన దగ్గరివారయ్యారు. బతుకుదెరువుకు వర్జిల్ థామ్సన్ అనే పెద్ద స్వరకర్త దగ్గర సహాయకుడిగా పనిచేశారు, రికార్డు కంపెనీలకు వాద్యకూర్పు చేసిపెట్టారు. ఆ రోజుల్లో ఆయన రాసినవి చాలా తక్కువ స్వరాలతో, దాదాపు నిశ్శబ్దం అంచున నడిచే రచనలు. న్యూ వరల్డ్ రికార్డ్స్ సంస్థ 2013లో వాటిని కొత్తగా రికార్డు చేయించి విడుదల చేసింది. వాటిని విన్నాక రాక్ ఆల్బమ్ వింటే రెండూ ఒకే మనిషి పనంటే నమ్మడం కష్టం.

న్యూయార్క్‌లోనే ఆయనకు డొరొతీ మాస్కొవిట్జ్ పరిచయమయ్యారు. ఆమె బార్నార్డ్ కళాశాల విద్యార్థిని. 1963లో ఇద్దరూ లాస్ ఏంజెలెస్ వెళ్లారు, బర్డ్ అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరారు. మాంటిల్ హుడ్ 1960లో నెలకొల్పిన జాతి సంగీత అధ్యయన సంస్థకు అది నెలవు. ఏ దేశపు సంగీతాన్ని అధ్యయనం చేస్తే ఆ సంగీతాన్ని వాయించడం కూడా నేర్చుకుని తీరాలన్నది హుడ్ పట్టుదల. జావా గామెలన్, ఘనా డోళ్లు, భారతీయ రాగాలు అక్కడ తరగతి గదుల్లోనే మోగేవి. భారతీయ సంగీతం నేర్పిన హరిహరరావు, ట్రంపెట్ విద్వాంసుడు డాన్ ఎల్లిస్‌తో కలిసి 1964లో ‘హిందుస్తానీ జాజ్ సెక్స్‌టెట్’ అనే బృందం కట్టారు. ఆ ఎల్లిస్‌కూ బర్డ్‌కూ స్నేహం. ఇద్దరూ కలిసి ‘న్యూ మ్యూజిక్ వర్క్‌షాప్’ పేరిట కచేరీలు చేశారు. పాశ్చాత్య వాద్యగోష్ఠి, భారతీయ శ్రుతి, ఆఫ్రికా తాళం, టేపు ముక్కల అతుకులు, వీధి నాటకం అన్నీ ఒకే గూటిలో పెరిగిన వాతావరణం అది. ఈ రాక్ బృందంలో తర్వాత చేరినవాళ్లూ ఆ చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్లే.

మలుపు 1965లో వచ్చింది. వర్క్‌షాప్ నిర్వహించిన ఒక ప్రదర్శన చివర్లో బర్డ్ బ్లూస్ బృందాన్ని ఒకదాన్ని కూర్చి వాయింపజేశారు. అప్పటికి ఎవరికీ తెలియని లిండా రాన్‌స్టాట్ అందులో పాడారు. జనం కదిలిపోయారు. వందమంది కూర్చునే గదిలో ఎన్నాళ్లు ప్రయోగాలు చేసినా చేరలేనంత మందిని రాక్ సంగీతం ఒక్క దెబ్బతో చేరగలదని బర్డ్‌కు అప్పుడు తోచింది. ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు కూడా. ఎక్కువమందికి చేరడమన్నది ఆయన దృష్టిలో రాజకీయ అవసరం.

బృందం ఏర్పాటు

బృందం కట్టే తొలి ప్రయత్నం నిలవలేదు. ముఖ్య సహచరుడు మైకేల్ అగ్నెల్లో పెద్ద కంపెనీతో ఒప్పందం కుదుర్చుకోవడం ఇష్టంలేక తప్పుకున్నారు. తిరిగి న్యూయార్క్ వెళ్లిపోయిన మాస్కొవిట్జ్ 1967 మొదట్లో మళ్లీ లాస్ ఏంజెలెస్ వచ్చారు. అప్పటికి ఆమె, బర్డ్ జంటగా లేరు. అయినా కలిసి పనిచేయడానికి ఒప్పుకున్నారు. గోర్డన్ మారన్ ఎలక్ట్రిక్ వయొలిన్, రాండ్ ఫోర్బ్స్ బేస్, క్రెయిగ్ వుడ్సన్ డ్రమ్స్ పట్టారు. కీబోర్డులు, ఎలక్ట్రానిక్ యంత్రాలు బర్డ్ చేతిలో ఉన్నాయి. రికార్డింగులోనూ, తర్వాత యాత్రలోనూ ఎడ్ బోగస్ ఆర్గన్, పియానో వాయించారు. వీళ్లలో ఎవరికీ రాక్ బృందాల్లో పుట్టిపెరిగిన అనుభవం లేదు, అందరూ శాస్త్రీయ సంగీతమో, జాజో, జాతి సంగీతమో చదువుకున్నవాళ్లు. నోటేషన్ చూసి వాయించగలవాళ్లు కాబట్టి బర్డ్ రాసిన క్లిష్టమైన కూర్పులు నడిచాయి. ఆ పాండిత్యమే వాళ్ల సంగీతానికి అక్కడక్కడా బిగుసుతనం తెచ్చిపెట్టింది కూడా. రాక్ సంగీతానికి సహజమైన విడుపు వీళ్లలో కొంత తక్కువ.

పేరు ఉద్దేశపూర్వకంగా పెట్టిందే. వియత్నాం యుద్ధం ముదురుతున్న ఏడాదుల్లో దేశం పూర్తి పేరును ఒక వామపక్ష రాక్ బృందం తగిలించుకోవడమంటే ప్రభుత్వాన్ని నిలదీయడమే. దేశభక్తి అనే మాట మీద గుత్తాధికారం ఎవరిదని అడగడమూ అందులో ఉంది. ఈ పేరు వల్ల తర్వాతి కాలంలో ఒక చిక్కు కూడా వచ్చింది. గ్రంథాలయ సూచికల్లోనూ అమ్మకం జాబితాల్లోనూ బృందం ఆచూకీ దేశం పేరు కింద మరుగున పడిపోయింది.

చేతితో కట్టిన యంత్రాలు

రాబర్ట్ మూగ్ తూర్పు తీరంలో, డాన్ బుక్లా శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అప్పటికే సింథసైజర్లు తయారు చేస్తున్నారు. వాటి ఖరీదు విశ్వవిద్యాలయాలు, పెద్ద స్టూడియోలు మాత్రమే భరించగలవు. బర్డ్ దగ్గర అంత డబ్బు లేదు. రిచర్డ్ డ్యూరెట్ అనే ఇంజనీరు ఆయన కోసం ప్రత్యేకంగా ఒక సింథసైజర్ కట్టిపెట్టారు. అది ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. ఒక శబ్దం నుంచి ఇంకో శబ్దానికి మారాలంటే తీగలు పీకి వేరే చోట గుచ్చుకోవాలి. ఆ యంత్రంలోంచి వచ్చే కూతలు, గర్జనలు, జారుడు స్వరాలు రికార్డు పొడుగునా వినిపిస్తాయి.

అంతకన్నా ముఖ్యమైన పరికరం రింగ్ మాడ్యులేటర్. అది పనిచేసే పద్ధతి తెలిస్తే ఈ రికార్డు సగం అర్థమైనట్టే. దానిలోకి రెండు ధ్వనులు పంపితే ఆ రెండూ మాయమై, వాటి పౌనఃపున్యాల మొత్తమూ తేడా మాత్రమే బయటికి వస్తాయి. గాయని 440 హెర్ట్జ్ స్వరం పాడుతుంటే, యంత్రం 100 హెర్ట్జ్ ధ్వని కలుపుతుందనుకుందాం. చెవికి వినిపించేవి 540, 340. మనిషి గొంతులో అసలు స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడు రెట్లు ఉండే అతిస్వరాలు కూడా పలుకుతుంటాయి. 440తో పాటు 880, 1320 అన్నమాట. రింగ్ మాడ్యులేటర్ వాటిని కూడా విడగొట్టి 980, 780, 1420, 1220గా మార్చేస్తుంది. అతిస్వరాల మధ్య సహజంగా ఉండే రెట్ల లెక్క తెగిపోతుంది. అందుకే ఆ గొంతు కంచులా, గంటలా, మనిషిదో కాదో తెలియనట్టు మోగుతుంది. మాట మాత్రం పూర్తిగా పోదు, వింటున్న మనిషి దాన్ని పట్టుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉంటాడు. ఇది మత్తు కల్పించే ఎకో వంటిది కాదు. మాటకూ అర్థానికీ మధ్య చిన్న దూరం పెడుతుంది, ఆ దూరంలోంచే పాటకు భయం పుడుతుంది.

ఈ బృందానికి రింగ్ మాడ్యులేటర్ తయారు చేసిపెట్టినవారిలో టామ్ ఓబర్‌హైమ్ ఒకరు. బర్డ్ చేరిన విశ్వవిద్యాలయంలోనే భౌతికశాస్త్రం చదివి, కంప్యూటర్ పరిశ్రమలో పనిచేస్తూ, స్నేహితుల బృందానికి ఆంప్లిఫయర్లు కట్టిపెట్టేవారు. హెరాల్డ్ బోడే అనే జర్మన్ ఇంజనీరు 1961లో రాసిన వ్యాసం చదివి రింగ్ మాడ్యులేటర్ చేయడం నేర్చుకున్నారు. ఆ పనిలో చేయి తిరిగాక దాన్ని మాయెస్ట్రో అనే బ్రాండు కింద బజారులోకి తెచ్చారు. తర్వాత సొంత పేరు మీదే సింథసైజర్ కంపెనీ పెట్టారు. 1980ల పాప్ సంగీతంలో ఓబర్‌హైమ్ యంత్రం మోగని చోటు తక్కువ. రాక్ బృందం వాన్ హేలెన్ ‘జంప్’ పాట మొదట్లో మోగే కీబోర్డు ఓబర్‌హైమ్ ఓబీ-ఎక్స్ఏదే. 181వ స్థానంలో ఆగిపోయిన బృందం అవసరానికి మొదలైన పని ఎక్కడిదాకా వెళ్లిందో చూస్తే, జనాదరణ అంకెలు సంగీత చరిత్రను ఎంత తక్కువగా చెబుతాయో తెలుస్తుంది.

మిగతా వాద్యాలూ ఇలాగే మార్చుకున్నవే. మారన్ వయొలిన్‌కు తగిలించిన పరికరం ఆ స్వరాన్ని మంద్రస్థాయికి దించేది, దానితో వయొలిన్ చెల్లోలాగా, ఒక్కోసారి మండుతున్న గిటారులాగా పలికేది. ఫోర్బ్స్ వాయించిన ఎలక్ట్రిక్ బేస్‌కు మెట్లు లేవు. వీణకు మెట్లున్నా తీగ లాగి గమకం పలికిస్తారు గానీ, పాశ్చాత్య బేస్ మీద మెట్టు స్వరాన్ని కత్తిరించినట్టు ఆపుతుంది. మెట్లు తీసేస్తే స్వరం నుంచి స్వరానికి జారడం కుదురుతుంది. రాక్ సంగీతంలో మెట్లు లేని ఎలక్ట్రిక్ బేస్ వాడిన తొలి కొద్దిమందిలో ఫోర్బ్స్ ఒకరు. వుడ్సన్ తన డ్రమ్ములకు స్పర్శ మైకులు అంటించారు, తాళాలకు స్ప్రింగులు వేలాడదీశారు. కొట్టినప్పుడు అవి కదిలి గరగరమనేవి.

రికార్డు

న్యూయార్క్ కొలంబియాకు పనిచేస్తున్న యువ నిర్మాత డేవిడ్ రూబిన్సన్ బృందాన్ని గుర్తించి కంపెనీలోకి తెచ్చారు. 1967 చివర్లో లాస్ ఏంజెలెస్‌లోని ఆష్ గ్రోవ్ క్లబ్బులో తొలి కచేరీలు చేశారు. ఆ డిసెంబరులోనే రికార్డింగ్ జరిగింది. పది పాటలు.

మొదటి పాట ‘ది అమెరికన్ మెటాఫిజికల్ సర్కస్’ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. పాట నేరుగా మొదలవదు. ముందు సర్కస్ ఆవిరి ఆర్గన్ మీద ఒక పాత కవాతు బాణీ వస్తుంది, దాని మీదికి ఇంకో పాత బాణీ ఎక్కుతుంది. ఎడమ చెవిలో ఒక బ్యాండు, కుడి చెవిలో ఇంకో బ్యాండు, వేర్వేరు శ్రుతుల్లో వేర్వేరు కవాతులు వాయిస్తూ అడ్డంగా దాటిపోతాయి. స్టీరియో రికార్డింగును ఆ రోజుల్లో చాలామంది శ్రోతను ఆశ్చర్యపరిచే చిట్కాగానే వాడారు. బర్డ్ దాన్ని ఒక అమెరికన్ పూర్వికుణ్ణి తలుచుకోవడానికి వాడారు. కనెక్టికట్ రాష్ట్రం డాన్‌బరీ ఊళ్లో 1874లో పుట్టిన చార్లెస్ ఐవ్స్ తండ్రి బ్యాండ్ మాస్టరు. రెండు బ్యాండులు వేర్వేరు పాటలు వాయిస్తూ ఎదురెదురుగా నడిస్తే ఏమవుతుందో ఆయన ఊళ్లో చేసి చూశారు. కొడుకు ఆ అనుభవాన్ని వాద్యగోష్ఠి రచనల్లో పెట్టారు. పగలు బీమా వ్యాపారం చేస్తూ, రాత్రిళ్లు ఎవరూ వాయించని సంగీతం రాసుకున్న ఐవ్స్ 1954లో చనిపోయారు. బర్డ్ తరం స్వరకర్తలకు ఆయన తాతలాంటివారు. రాక్ రికార్డు మొదటి నిమిషంలోనే ఐవ్స్‌ను వినిపించడమంటే, అమెరికన్ ప్రయోగ సంగీతం ఎవరో కొద్దిమంది పండితుల ఆస్తి కాదని చెప్పడం.

ఆ కోలాహలం తగ్గాక మాస్కొవిట్జ్ గొంతు వస్తుంది. ఆ గొంతులో వణుకు ఉండదు, భావం ఒలకబోయడం ఉండదు. స్వరాన్ని తిన్నగా, చల్లగా నిలబెడతారు. ప్రకటన చదువుతున్నట్టుగా ఒక సర్కస్‌కు ఆహ్వానిస్తారు. అందులో జరిగేది వినోదం పేరిట హింస. చరణం తర్వాత చరణం ఆ గొంతు రింగ్ మాడ్యులేటర్‌లోకి జారుతూ పోతుంది. ఆహ్వానించిన మనిషి చివరికి యంత్రంగా మారిపోతుంది. యుద్ధం గురించి ఒక్క మాట లేకుండానే యుద్ధకాలపు టీవీ వార్తలు చూసే అనుభవాన్ని ఈ పాట పట్టుకుంది.

‘హార్డ్ కమింగ్ లవ్’, ‘ది గార్డెన్ ఆఫ్ ఎర్త్‌లీ డిలైట్స్’, ‘కమింగ్ డౌన్’ వేగంగా సాగే రాక్ పాటలు. వీటిలో రెండోదాని పేరు మాడ్రిడ్ ప్రాడో మ్యూజియంలో ఉన్న హైరానిమస్ బాష్ చిత్రానిది. ‘క్లౌడ్ సాంగ్’ వీటికి పూర్తిగా విరుద్ధం. పిల్లల కథల ఎలుగుబంటి విన్నీ ద పూ పాడుకునే చిన్న పాట దానికి మూలం. కింద శ్రుతి పట్టినట్టు ఒకే స్వరం నిలిచి ఉంటుంది, పైన వయొలిన్, గొంతు మెల్లగా కదులుతాయి. ‘వేర్ ఈజ్ యెస్టర్‌డే’ మధ్యయుగాల చర్చి ప్రార్థన పద్ధతిలో మొదలవుతుంది. మారన్, బోగస్ కలిసి రాసిన ‘స్ట్రాండెడ్ ఇన్ టైమ్’ నాలుగు తంత్రీవాద్యాల మీద నడుస్తుంది. చక్కని పాటే గానీ బీటిల్స్ ‘ఎలినార్ రిగ్బీ’కి మరీ దగ్గరగా ఉంది, రికార్డు మొత్తంలో అరువు తెచ్చుకున్నట్టు అనిపించేది ఇదొక్కటే.

‘ఐ వోంట్ లీవ్ మై వుడెన్ వైఫ్ ఫర్ యూ, షుగర్’ మధ్యతరగతి గృహస్థు మీద వ్యంగ్యం. పరాయి సుఖాలన్నీ కావాలి, నగర శివారు ఇల్లూ సంసారమూ మాత్రం చెక్కుచెదరకూడదు అనుకునే మనిషి దాని కథానాయకుడు. పాత సంగీత నాటకశాలల బాణీలో సాగి, చివర్లో బ్రాస్ బ్యాండు మోతలో కలిసిపోతుంది.

విప్లవకారుడు చే గెవారాను బొలీవియాలో 1967 అక్టోబరు 9న చంపారు. రెండు నెలలకే ఈ బృందం ‘లవ్ సాంగ్ ఫర్ ది డెడ్ చే’ రికార్డు చేసింది. పేరు చూసి నినాదాలు ఆశించేవారికి ఆశాభంగమే. అది నిదానమైన, కోమలమైన ప్రేమగీతం. పోయిన ప్రియుణ్ణి తలుచుకునే స్త్రీ గొంతు, మంద్రంగా తంత్రీవాద్యాలు, అంతే. పాటలో విప్లవం అన్న మాట రాదు. శీర్షిక తీసేస్తే ఎవరైనా ఎవరికోసమైనా పాడుకోవచ్చు. శీర్షిక ఉండడం వల్ల ఆ వ్యక్తిగత దుఃఖం రాజకీయమవుతుంది. ఆ కాలపు నిరసన గీతాల్లో ఇంత పొదుపుగా రాసినవి అరుదు. బర్డ్‌కు ఈ దారి కొత్త కాదు. 1967లో నిరసన గీతాల గాయకుడు ఫిల్ ఓక్స్ ‘ప్లెజర్స్ ఆఫ్ ది హార్బర్’ ఆల్బమ్‌లోని ‘క్రూసిఫిక్షన్’ పాటకు ఎలక్ట్రానిక్ శబ్దాలతో కూడిన వాద్యకూర్పు చేసినవారు ఆయనే.

చివరి పాట ‘ది అమెరికన్ వే ఆఫ్ లవ్’ మూడు భాగాలుగా ఉంటుంది. మధ్య భాగం కాలిఫోర్నియా ఎండలో ఈలపాటలా హాయిగా సాగే సంగీతాన్ని దెప్పుతుంది. మూడో భాగంలో అంతకుముందు విన్న పాటల ముక్కలన్నీ టేపు మీద తిరిగొచ్చి ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. మొదటి పాటలో రెండు బ్యాండులు ఢీకొన్నట్టే ఇక్కడ రికార్డు మొత్తం తనతో తానే ఢీకొంటుంది.

అమెరికాలో తొలి ప్రతులు గోధుమరంగు ఆఫీసు కవరులో పెట్టి అమ్మారు. ప్రభుత్వ ఫైలు అందుకున్నట్టుండేది. కవరు చిరగకుండా దొరికే ప్రతికి సేకర్తల్లో నేటికీ గిరాకీ.

చీలిక

రికార్డు దుకాణాలకు చేరిన నెల తర్వాత మార్టిన్ లూథర్ కింగ్‌ను, జూన్‌లో రాబర్ట్ కెన్నెడీని హత్య చేశారు. ఈ రికార్డు మాట్లాడిన సంగతులే వీధుల్లో జరుగుతున్నా, రేడియోలు దాన్ని వేయలేదు. నాట్యానికీ కుదరదు, ఇంట్లో హాయిగా వినడానికీ కుదరదు. యాత్ర మీద వెళ్లిన బృందానికి యంత్రాలే పెద్ద కష్టం తెచ్చిపెట్టాయి. ఇంట్లో కట్టిన సింథసైజర్‌ను వేదిక మీద పాట పాటకూ తిరిగి అమర్చుకోవాలి. వేడికో కరెంటు హెచ్చుతగ్గులకో శ్రుతి జారిపోయేది.

అసలు కలహం లోపల ఉంది. ఉమ్మడి బృందంగా, అందరికీ సమాన హక్కులతో నడవాలని మొదలుపెట్టారు. సంగీతం ఎలా ఉండాలో మాత్రం బర్డ్ మనసులో ముందే నిర్ణయమై ఉంది. బలమైన వ్యక్తిత్వాలను పోగేశాననీ, ప్రతి రిహార్సలూ సామూహిక మానసిక చికిత్సలా మారేదనీ ఆయనే తర్వాత చెప్పుకున్నారు. నిర్మాతతోనూ పొసగలేదు. ఆరెంజ్ కౌంటీలో ఒక కచేరీకి ముందు బృందంలో కొందరిని గంజాయి కేసులో పోలీసులు పట్టుకెళ్లారు. 1968 మధ్యకు వచ్చేసరికి బర్డ్ బయటికొచ్చేశారు. మాస్కొవిట్జ్ కొత్త వాద్యకారులను చేర్చుకుని ఆ పేరుతోనే ఇంకొన్ని పాటలు రికార్డు చేశారు గానీ కంపెనీ వాటిని అప్పట్లో విడుదల చేయలేదు.

అదే ఏడాది శరత్తులో అదే కొలంబియా ‘స్విచ్డ్-ఆన్ బాఖ్’ విడుదల చేసింది. వెండీ కార్లోస్ మూగ్ సింథసైజర్ మీద బాఖ్ రచనలు వాయించిన ఆ రికార్డు బిల్‌బోర్డ్ పాప్ జాబితాలో మొదటి పదిలోకి చేరింది. రెండింటిలోనూ కొత్త యంత్రమే. తెలిసిన బాణీని కొత్త యంత్రం మీద వినడం జనానికి ఇష్టమైంది. కొత్త యంత్రం మీద కొత్త ఆలోచనను, అదీ తమను ప్రశ్నించే ఆలోచనను వినడానికి సిద్ధపడలేదు.

బర్డ్ బృందం ఒంటరి కాదు. న్యూయార్క్‌లో సిల్వర్ ఆపిల్స్ ఇద్దరే మనుషులతో, ఆసిలేటర్ల గుట్టతో 1968లోనే తమ మొదటి రికార్డు తెచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఫిఫ్టీ ఫుట్ హోస్, లండన్‌లో 1969 నాటికి వైట్ నాయిజ్ ఇదే దారిలో వెళ్లాయి. సిల్వర్ ఆపిల్స్ లయను పట్టుకుంది, వైట్ నాయిజ్ టేపు పనితనాన్ని పట్టుకుంది. పాట కట్టడంలోనూ, చెప్పదలచుకున్న సంగతిలోనూ బర్డ్ బృందం వీళ్లందరికన్నా పైనుంది.

తర్వాతి జీవితాలు

బర్డ్ 1969లో ‘ది ఫీల్డ్ హిప్పీస్’ అనే వాద్యకారుల గుంపుతో ‘ది అమెరికన్ మెటాఫిజికల్ సర్కస్’ అనే ఆల్బమ్ చేశారు. కొలంబియా దాన్ని తన శాస్త్రీయ సంగీత విభాగం నుంచి తెచ్చింది. ప్రయోగాలు అందులో ఇంకా ఎక్కువ. మాస్కొవిట్జ్ గొంతు లేని లోటు మాత్రం ప్రతి పాటలో తెలుస్తుంది. గిటారు కళాకారుడు జాన్ ఫాహీ నడిపిన టకోమా సంస్థకు 1970ల మధ్యలో సింథసైజర్ మీద క్రిస్మస్ పాటల ఆల్బమ్ ఒకటి, పాత దేశభక్తి బాణీల ఆల్బమ్ ఒకటి చేశారు. గిటారు కళాకారుడు రై కూడర్ 1978 ఆల్బమ్ ‘జాజ్’ నిర్మాణంలో, వాద్యకూర్పులో పాలుపంచుకున్నారు. సినిమాలకూ పనిచేశారు, కాలిఫోర్నియా ఉత్తర తీరంలో ఒక కళాశాలలో సంగీతం బోధించారు.

బోగస్ 1972లో వచ్చిన ‘ఫ్రిట్జ్ ద క్యాట్’ యానిమేషన్ చిత్రానికి సంగీతం చేసి, తర్వాత చార్లీ బ్రౌన్ టీవీ కార్యక్రమాలకు పనిచేశారు. వుడ్సన్ ఘనాలోని అశాంటి జాతి అటుంపాన్ డోలు మీద పరిశోధన చేసి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. నిర్మాత రూబిన్సన్ జాజ్ పియానిస్టు హెర్బీ హాంకాక్ ‘హెడ్ హంటర్స్’ ఆల్బమ్ నిర్మాణంలో పాలుపంచుకుని జాజ్ చరిత్రలో చోటు సంపాదించుకున్నారు. మాస్కొవిట్జ్ 1970ల మొదట్లో కంట్రీ జో మెక్‌డొనాల్డ్ బృందంలో పాడారు.

రికార్డు రెండో జీవితం ఇంగ్లండులో మొదలైంది. 1968లో సీబీఎస్ కంపెనీ బ్రిటన్‌లో ‘ది రాక్ మెషీన్ టర్న్స్ యూ ఆన్’ అనే చవక ధర సంకలనం విడుదల చేసింది. బాబ్ డిలన్, లియొనార్డ్ కోహెన్, సైమన్ అండ్ గార్ఫంకెల్ పాటల పక్కన ‘వుడెన్ వైఫ్’ పాటను కూడా చేర్చింది. డిలన్ కోసం కొన్న బ్రిటిష్ కుర్రాళ్ల ఇళ్లలోకి బర్డ్ బృందం అలా ప్రవేశించింది. అమెరికా మరిచిపోయినా ఇంగ్లండులో పేరు నిలిచింది. 1987లో ఎడ్సెల్ అనే బ్రిటిష్ సంస్థ ఆల్బమ్‌ను పునర్ముద్రించింది. దశాబ్దం తర్వాత, 1997లో, బ్రిస్టల్ బృందం పోర్టిస్‌హెడ్ తన రెండో ఆల్బమ్‌లో ‘హాఫ్ డే క్లోజింగ్’ పాట చేసింది. యంత్రంలోకి జారిపోయే ఆడగొంతు, కింద జారే బేస్ వింటే అది ఎవరికి నివాళో చెప్పనక్కర్లేదు. బర్మింగ్‌హామ్ బృందం బ్రాడ్‌కాస్ట్ ఇంకా దగ్గరికి వెళ్లింది. గాయని ట్రిష్ కీనన్, సహచరుడు జేమ్స్ కార్గిల్ తమ సంగీతానికి ఈ రికార్డే ఆధారమని దాచుకోకుండా చెప్పారు. కీనన్ పాడే తీరులోని చల్లదనం, తిన్నదనం మాస్కొవిట్జ్ నుంచి వచ్చినవే. అయితే కీనన్ ఆ పద్ధతికి బర్డ్ బృందంలో కరువైన లాలిత్యాన్ని చేర్చారు.

అమెరికాలో సన్‌డేజ్డ్ సంస్థ 2004లో తెచ్చిన సీడీలో అసలు పది పాటలతో పాటు మూలన పడి ఉన్న రికార్డింగులనూ చేర్చారు. బర్డ్ వెళ్లిపోయాక మాస్కొవిట్జ్ చేసిన పాటలు అందులో ఉన్నాయి. వాటిని వినడం వల్ల ఒక సంగతి తేలుతుంది. ఆమె ఈ బృందంలో కేవలం గాయని కాదు, పాటలు కట్టిన మనిషి కూడా. తొలి ఆల్బమ్‌లోనూ చాలా పాటలకు ఆమె సహ రచయిత్రి. ఏళ్ల తరబడి విమర్శకులు మొత్తం ఘనతను బర్డ్ ఒక్కరికే కట్టబెట్టడం అన్యాయం. ఆయన నిర్మాణం లేకపోతే ఈ రికార్డు లేదు, ఆమె గొంతు లేకపోతే ఆ నిర్మాణంలోకి అడుగుపెట్టేవాళ్లు లేరు. 2023లో, ఎనభై దాటిన వయసులో, ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో పావొలో పాలదీనో, లూకా ఫెర్రారీలతో కలిసి మాస్కొవిట్జ్ ‘అండర్ యాన్ ఎండ్‌లెస్ స్కై’ అనే కొత్త ఆల్బమ్ విడుదల చేశారు. ఆ కొత్త బృందం పేరు ‘ది యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ ఆల్కెమీ’.